బాపమ్మ పూజగదిలో 49 రోజులు

పిల్లను ఎండకాలం సెలవులకు హన్మకొండకు, బాపమ్మ (నాన్న వాళ్లమ్మ) దగ్గరికి పంపేటప్పుడు మొదటి తప్పు బ్యాగు సర్దడంలోనే జరుగుతుంది. కుచ్చుల నైలాన్ గౌన్లు నాలుగు, ట్యాబు, దాని ఛార్జరు, పైనుంచి చిప్స్ ప్యాకెట్లు. పోయేదేమో తెల్లారి ఐదింటికే దీపం వెలిగే ఇంటికి. నేలమీద కుంది, దాని పక్కనుంచే గిర్రున తిరిగే గౌను. నూలు బట్టకూ నిప్పంటుకుంటుంది, కాదనం. కాని నైలాన్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది, ఊడదీయబోతే తోలు దాంతోపాటే వస్తుంది. ఒంటికి దగ్గరగా ఉండే నూలు చొక్కాలు, నిక్కర్లు, జుట్టు పొడుగైతే నాలుగు రబ్బరు బ్యాండ్లు పెట్టండి. పట్టులంగా కట్టి చూడాలని బాపమ్మకు ఉంటే కట్టనివ్వండి, దీపం వెలిగించడం అయిపోయాక.

తెలంగాణ బడులకు మామూలుగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. లెక్కేస్తే 49 రోజులు. భక్తి ఎక్కువున్న పెద్దామె దగ్గర ఇన్ని రోజులు పిల్లను ఉంచడం గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకరు సంస్కారం వస్తదంటారు. ఇంకొకరు పిల్ల బుర్రలో మూఢనమ్మకాలు నింపి పంపుతదంటారు. ఇద్దరి పొరపాటూ ఒక్కటే. బాపమ్మ దగ్గర పిల్లకు దొరికేది నమ్మకమే అనుకుంటున్నారు. నిజానికి ఆమె దగ్గర దండిగా ఉన్నది పని. వత్తి చేయడం, ఇత్తడి తోమడం, పూలు ఏరడం, పాకం చూడడం, తిథి లెక్కపెట్టడం. యాభై అరవై ఏండ్లుగా రోజూ చేసి చేసి చేతికి వచ్చిన పని. పిల్లను దేవుడి ముందు చేతులు కట్టుకొని కూచోబెడితే పది నిమిషాల్లో విసుగొస్తుంది, పదో రోజుకు పూజంటేనే పారిపోతుంది. అదే పిల్లను బాపమ్మ పక్కన పనిలో పెడితే తెల్లారి లేపే అవసరం కూడా రాదు. నమ్ముతుందా లేదా అన్నది పెద్దయ్యాక తనే చూసుకుంటుంది.

కాజీపేట దర్గాకు పోయి ఫాతిహా చదివించే నానీలూ, ఫాతిమానగర్ చర్చిలో జపమాల తిప్పే అమ్మమ్మలూ ఉన్న ఊరే ఇది. కింద చెప్పేవి ఎక్కువగా హిందువుల ఇంటి పూజగదికి చెందినవి. మిగతా ఇండ్లలో వస్తువులు మారతాయి, తగువులు మారవు.

తగువులు రాకుండా ముందే మాట్లాడుకోవాలి కదా, ఆ మాట ఎవరు చెప్పాలన్నది ముఖ్యం. బాపమ్మకు చెప్పాల్సింది కొడుకు, కోడలు కాదు. అమ్మమ్మకు చెప్పాల్సింది బిడ్డ, అల్లుడు కాదు. ఇది తారుమారైతే చెప్పిన మాట మంచిదే అయినా గొడవ వేరే దారి పడుతుంది. పిల్ల ముందు అసలే చెప్పొద్దు. "అమ్మా, నీ పూజకు నేను అడ్డం రాను. పిల్ల తాగే నీళ్లకు, పగటి ఎండకు మాత్రం నువ్వే జిమ్మేదారు" అని పిల్ల బస్సు ఎక్కకముందే ఫోనులో అనేస్తే సగం పని అయినట్టే. జిమ్మేదారీ మీద పడ్డాక కాదనే బాపమ్మ ఉండదు.

ఇక పని సంగతి. వత్తితో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే తప్పు పోయినా నష్టం లేదు. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో పత్తికి కొదవ లేదు. చాలా ఇండ్లలో పత్తి ఏరే రోజుల్లో తెచ్చిన గింజ పత్తి ఒక సంచిలో ఎండకాలం దాకా ఉంటుంది. ముందు గింజ తీయాలి. గోటితో గీకితే పింజ తెగుతుంది. గింజను రెండు వేళ్ల మధ్య పట్టి దూదిని చుట్టూ లాగాలి. వచ్చిన పింజను వేళ్లతో సాగదీస్తూ పోగులన్నీ ఒకే దిక్కు పడేలా చేయాలి. తొమ్మిదేండ్ల పిల్లకు ఓపిక ఉండనిది సరిగ్గా ఇక్కడే. పోగులు అడ్డదిడ్డంగా ఉండగానే చుట్టేస్తే వత్తి మధ్యలో ఉండ కడుతుంది. నూనె ఆ ఉండ దాకా వచ్చి ఆగుతుంది, దీపం మినుకుమంటుంది. చుట్టేటప్పుడు వేళ్లకు రవ్వంత విభూది అద్దుకుంటే జారదు. కొందరు పాలో నీళ్లో అద్దుతారు. అట్లా చేసిన వత్తి బాగా ఆరకముందే వెలిగిస్తే చిటపటమంటుంది, నూనె చుక్కలు ఎగిరి చేతిమీద పడతాయి. అరచేతుల మధ్య ఒకే వైపు తిప్పాలి. ముందుకూ వెనక్కూ తిప్పితే చుట్టింది చుట్టినట్టే విప్పుకుంటుంది. నాలుగు వేళ్ల పొడుగు, అగ్గిపుల్ల కంటే కొంచెం లావు.

రెండు వత్తులు కలిపి ఒక దీపం. నూనెలో ముంచి, కొసను మాత్రం వేళ్లతో పిండి, కుంది అంచు మీద బియ్యపు గింజంత బయటికి పెట్టాలి. అంతకంటే ఎక్కువ ఉంటే మంట పెద్దదై పొగ కక్కుతుంది, గోడమీది పటం నల్లబడుతుంది. నూనె పూర్తిగా మండకపోవడమే ఆ మసి. తక్కువుంటే నూనెలో మునిగి ఆరిపోతుంది. ఆముదం చిక్కనిది, వత్తిలో మెల్లగా పాకుతుంది కాబట్టి వత్తి కొంచెం వదులుగా ఉండాలి. నువ్వుల నూనెకు ఈ బాధ లేదు. చలికాలంలో గడ్డకట్టి సతాయించే నెయ్యి వరంగల్ మే నెలలో నీళ్లలా ఉంటుంది. ఇవన్నీ పిల్లకు పాఠంలా చెప్పొద్దు. మూడు కుందుల్లో మూడు రకాలు పోసి చూడనిస్తే చాలు.

లక్షవత్తుల నోము పట్టిన బాపమ్మ అయితే ఇంకేం కావాలి. రోజుకు 200 చేస్తే లక్షకు 500 రోజులు. 108 చొప్పున కట్టలు కడితే 926 కట్టలు, చివరి కట్టకు ఎనిమిది తక్కువ. ఆ ఎనిమిది ఎందుకు తగ్గాయో పిల్లనే చెప్పమనండి. భాగహారం పుస్తకం తెరవకుండానే వస్తుంది.

దీపం దగ్గరే ఇంకొకటి నేర్చుకుంటుంది, భాష. బాపమ్మ దీపం ఆరిందనదు, కొండెక్కిందంటుంది. బియ్యం అయిపోయాయనదు, నిండుకున్నాయంటుంది. గడప దాటేటప్పుడు "పోతున్న" అంటే ఊరుకోదు, "పోయొస్త" అనిపిస్తుంది. లేనిదాన్ని లేదనకుండా చెప్పే ఈ పద్ధతి తెలుగులో చాలా పాతది, చాలా మర్యాదగలది. ఇంగ్లీషు మీడియం పిల్లకు ఇది బడిలో దొరకదు. ఫోనులో అమ్మతో "బియ్యం నిండుకున్నయి, తెప్పియ్యాలె" అన్న రోజు బస్సు టికెట్టు డబ్బులు వసూలైనట్టే.

నిప్పు విషయంలో వయసు గీత గీసుకోవడం మంచిది. ఏడేండ్లలోపు పిల్లలకు పూలు, లెక్క, పీటలు వేయడం. ఏడు నుంచి పది దాకా వత్తులు, నూనె పోయడం. పది దాటాక పక్కన పెద్దవాళ్లుండగా ఏకహారతితో వెలిగించడం, అగ్గిపుల్లతో కాదు. కాలితే ఆ చోటును మామూలు నీళ్ల ధార కింద 20 నిమిషాలు పెట్టాలి. నల్లా రాని పూట చెంబుతో పోస్తూనే ఉండాలి. పసుపు, టూత్‌పేస్టు, సిరా, వెన్న, ఐసు ఏవీ వద్దు. బాపమ్మ చేయి ముందు పసుపు డబ్బా మీదికే పోతుంది. అందుకే ఇది కూడా ముందే అనుకోవాల్సిన మాట.

నిప్పు కంటే ఎక్కువ భయపడాల్సింది కర్పూరానికి. చాలామంది తల్లులకు ఇది తెలియదు. హారతి కర్పూరం బిళ్ల చూడ్డానికి పటికబెల్లం ముక్కలాగే తెల్లగా ఉంటుంది, పెట్టేది కూడా ప్రసాదం పళ్లెం పక్కనే. అది కడుపులోకి పోతే కొద్ది నిమిషాల నుంచి గంటన్నర లోపల ఫిట్స్ రావొచ్చు. చిన్నపిల్లకు గ్రాము కూడా ప్రాణాంతకం కాగలదు. మింగిందని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ డబ్బా పట్టుకొని నేరుగా ఆస్పత్రికి పోవాలి, లేదా 108కి ఫోను చేయాలి. తీర్థంలో వేసే పచ్చకర్పూరం వేరే సరుకు, చిటికెలో చిటికె వేస్తారు. ఆ చనువుతోనే పిల్ల హారతి కర్పూరాన్ని కూడా తినేదే అనుకుంటుంది. మూత గట్టిగా ఉండే డబ్బా, పై అర. ఇంతే జాగ్రత్త.

ఇంకొకటి పెరట్లో ఉంటుంది. శివుడికి ఇష్టమని కోసుకొచ్చే పూలలో గన్నేరు, ఉమ్మెత్త రెండూ విషమే. పచ్చగన్నేరు కాయ లోపలి గింజ గుండె కొట్టుకునే తీరునే చెడగొడుతుంది. పూలు కోసే పని పిల్లకు ఇవ్వండి, కాని కోసినంక చేతులు కడగడం, కాయలతో వంటాట ఆడకపోవడం అనే రెండు షరతులు పెట్టండి. మారేడు దళం తెమ్మంటే మూడు ఆకులు చెడకుండా ఉన్నదే తేవాలి, ముల్లు చూసుకోవాలి. తులసిని ఆదివారం కోయొద్దంటుంది బాపమ్మ. వాదించకండి, ఆ మొక్కకూ వారానికొక రోజు సెలవు. మందారం, సాయంత్రానికి మల్లె, వీటితో ఏ పేచీ లేదు.

ఇత్తడి తోమడం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. నిమ్మకాయంత చింతపండు, గ్లాసెడు నీళ్లు, పావుగంట నాన. ముందు కాగితంతో జిడ్డూ మసీ తుడవకుండా చింతపండు రుద్దితే మసి అంతటా పూసుకుంటుంది. కడిగిన వెంటనే పొడిబట్టతో తుడవకపోతే మరకలు పడి, రేపటికి ముందుకంటే అధ్వానంగా ఉంటుంది. వెండి మీద చింతపండు వాడొద్దు, విభూది చాలు. రాగి చెంబులో తులసి నీళ్లు ఉంచొచ్చు గాని పెరుగు కలిసిన పంచామృతం ఉంచితే చిలుమెక్కి కడుపులో తిప్పుతుంది. కుంది మెరిసేసరికి పిల్ల ముఖం కూడా మెరుస్తుందనేది కొంచెం అతిశయోక్తే, చేతులు మాత్రం పుల్లటి వాసన కొడతాయి.

ఇంత పని జరిగే చోట ఏదో ఒకటి ఒలుకుతుంది, పగులుతుంది. అప్పుడు బాపమ్మ నోట వచ్చే మాటే ఈ 49 రోజుల్లో అసలు ప్రమాదం. "దేవుడు కండ్లు పొడుస్తడు." ప్రేమగానే అంటుంది, ఆమెను కూడా అట్లనే పెంచారు. కాని ఆ మాట ఏం చేస్తుందో చూడండి. నూనె ఒలకబోసిన పిల్ల భయంతో దానిమీద కాళ్లపట్టా కప్పేస్తుంది. సాయంత్రం ఆ పట్టా మీద అడుగేసేది డెబ్భై ఏండ్ల బాపమ్మే. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ నడవడం అంత తేలిక కాదు. భయపడ్డ పిల్ల కర్పూరం మింగినా చెప్పదు, చేయి కాలినా దాచుకుంటుంది. కాబట్టి "దేవుడు ఏమన్నా అంటడు" అనే బెదిరింపును ఆపమనడం నాస్తికత్వం కాదు, ఇంట్లో వాళ్ల ఎముకలు కాపాడుకోవడం. దానికి బదులు అసలు కారణం చెప్పమనండి. "దీపం దగ్గర ఉరుకకు, బట్ట అంటుకుంటది" అన్న మాటలో ఎంత పని ఉందో చూడండి. ఈ ఒక్క విషయంలో కొడుకు కొంచెం గట్టిగానే మాట్లాడొచ్చు.

ఎండ సంగతి. మేలో వరంగల్‌లో 42, 43 డిగ్రీలు మామూలు. రామగుండం వైపు ఇంకా ఎక్కువ. రోళ్లు పగిలే రోహిణి కార్తె మే 25న మొదలై జూన్ 8న మృగశిర వచ్చే దాకా ఉంటుంది. గుడికి తీసుకుపోవాలంటే పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం ఆరు దాటినంక. మధ్యాహ్నం ఎట్లాగూ గర్భగుడి తలుపులు వేస్తారు. పొద్దున్నే భద్రకాళి చెరువు గట్టున గాలి చల్లగా ఉంటుంది, మెట్లూ కాలవు. వేయిస్తంభాల గుడి ముంగిట నల్లరాయి మాత్రం ఎండను తాగి దాచుకుంటుంది. పెద్దల అరికాళ్లు తట్టుకునే వేడి పిల్లల పల్చటి తోలును బొబ్బలెక్కిస్తుంది. చెప్పుల స్టాండు నుంచి గుడి దాకా నూలు సాక్సులు వేయండి, ఏ దేవుడూ కాదనలేదు.

వేయిస్తంభాల గుడిలో దండం పెట్టించి తీసుకొచ్చేస్తే పిల్లకు గుర్తుండేది లడ్డూ ఒక్కటే. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్లున్నాయి. ఎవరిది ఏ దిక్కో కనుక్కోమనండి. నున్నగా తీర్చిన స్తంభాల్లో తన ముఖం ఎక్కడ బాగా కనిపిస్తుందో వెతకమనండి. ఆ మెరుపు రాతిని రాతితో, ఇసుకతో రోజుల తరబడి అరగదీస్తే వచ్చింది. ఇంట్లో కుంది తోమిన చేతులకు అది ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. పద్మాక్షి గుట్ట మీదికి తీసుకుపోతే ఇంకా మంచిది. బతుకమ్మలప్పుడు ఊరంతా కదిలే ఆ అమ్మవారి గుడి ఒకప్పుడు జైన బసది, బండ మీద తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. "వీళ్లెవరు బాపమ్మా" అని పిల్ల అడుగుతుంది. బాపమ్మకు తెలియకపోవచ్చు. "వాళ్లూ దేవుండ్లే, మొక్కు" అంటుంది. ఆ జవాబులో తప్పేముంది?

హనుమాన్ మాల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఉత్తర తెలంగాణలో పిల్లలు మారాం చేసేది దీనికే. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. ఈ రెండింటి మధ్య 41 రోజుల దీక్ష, తర్వాత కొండగట్టులో మాల తీయడం. 2026లో అవి ఏప్రిల్ 2, మే 12. బడి ఏప్రిల్ 23 దాకా ఉంటుంది కాబట్టి పిల్లవాడికి 41 రోజులు ఎట్లాగూ కుదరవు. 11 రోజుల మాల మే 2న వేసుకుంటే పెద్ద జయంతికి సరిపోతుంది. వేయొచ్చా అంటే, వేయొచ్చు. రెండు పూటలా స్నానం, చాపమీద పడక, కాషాయం బట్టలు పిల్లలకు ఆటలాగే ఉంటాయి, మేలో రెండో స్నానం హాయి కూడా. ఇబ్బంది రెండు చోట్ల. చెప్పుల్లేని కాళ్లతో పది దాటినంక రోడ్డెక్కొద్దు. డాంబరు రోడ్డు రాయికంటే ఘోరం. ఇక ఒంటిపూట భిక్ష. ఎదిగే పిల్లకు ఒక్కపొద్దు పనికిరాదు. పొద్దున పాలూ అటుకులూ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం పండ్లూ సల్లా, రాత్రి మళ్లీ రొట్టె పెట్టాలి. కరీంనగర్ నుంచి కొండగట్టుకు సుమారు 35 కిలోమీటర్లు. నడిచిపోయేవాళ్ల వెంట పిల్లను పంపొద్దు, బస్సుందిగా.

ఏకాదశికో శనివారానికో "నేనూ ఒక్కపొద్దుంట" అని పిల్ల అంటే తిట్టి కూచోబెట్టొద్దు, పొంగిపోయి నీళ్లు కూడా ఆపొద్దు. అన్నం మానేసి ఉప్మా, పాలు, అరటిపండ్లు, నీళ్లు ఎన్నైనా. బాపమ్మకైనా అదే చెప్పాలి, బీపీ షుగరు గోళీలు వేసుకునే మనిషి మేలో కటిక ఉపవాసం చేస్తే కళ్లు తిరిగి పడేది ఆమే. ఎండదెబ్బకు కాళ్లు లాగుతున్నా, వాంతులు విరేచనాలున్నా లీటరు నీళ్లలో అంచుకు సమంగా ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెం తాపాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం తాపడం కాదు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి.

పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లోనే కదా, మరి ఏం చేయాలి? ఐదింటికి లేచిన పిల్లకు అందులో గంటన్నర నిద్ర. కొంచెంసేపు ట్యాబు కూడా ఇవ్వండి, ప్రళయమేం రాదు. బాపమ్మ కూడా ఆ టైముకు యూట్యూబులో ప్రవచనం పెట్టుకొని కునుకు తీస్తూనే ఉంటుంది. మిగిలిన సమయానికి పంచాంగం ఉంది. పంచాంగాన్ని జాతకాల పుస్తకంలా కాక లెక్కల పుస్తకంలా తెరవాలి. గోడ క్యాలెండరులో సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. అది ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గుంకే రోజు లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారానికి రెండోది. మే నడిమధ్యలో వరంగల్‌లో పొద్దు పొడిచేది సుమారు 5:40కి, గుంకేది 6:37కి. ఒక్కో భాగం 97 నిమిషాలు. అంటే ఆ రోజు రాహుకాలం 7:17 నుంచి 8:54. పిల్ల ఈ లెక్క చేసి చూపిస్తే బాపమ్మ ముందు నమ్మదు, తర్వాత పక్కింటావిడను పిలిచి మరీ చూపిస్తుంది. రాహుకాలంలో బయలుదేరితే ఏమవుతుందన్న చర్చ మనకెందుకు?

సంవత్సరాల పేర్లు 60. 2017 ఉగాది తర్వాత పుట్టిన పిల్లది హేవిళంబి. 1957 ఉగాది తర్వాత పుట్టిన బాపమ్మదీ హేవిళంబే. ఈ ఒక్క సంగతి తెలిసిన మధ్యాహ్నం ఇద్దరూ నిద్రపోరు.

2026లో ఇంకో విశేషం, అధిక జ్యేష్ఠం చాలావరకు సెలవుల్లోనే పడింది, మే 17 నుంచి జూన్ 15 దాకా. చాంద్రమానం ఏడాదికి 354 రోజులు, సౌరమానానికి 365. ఏటా 11 రోజులు ముందే వస్తూ పోతే ఉగాది చలికాలంలోకి, ఇంకా ఎక్కడికో పోతుంది. అందుకని సుమారు 32 నెలల 16 రోజులకోసారి ఒక నెల కలుపుతారు. ఆ నెలలో బాపమ్మలు 33 అరిసెలు దానమిస్తారు. ఎనిమిది మంది వసువులు, పదకొండు మంది రుద్రులు, పన్నెండు మంది ఆదిత్యులు, ఇంకో ఇద్దరు కలిపి ఆ లెక్క. అరకిలో బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున వాడ్చి, తడి ఆరకముందే పట్టించాలి. ఆరిందా, పిండి పాకం తాగదు, అరిసె నూనెలో విరుగుతుంది. బెల్లం 375 గ్రాములు. పాకం చుక్క చల్లనీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఉండ గట్టిపడి గిన్నెకు తగిలి టంగుమంటే పాకం ముదిరినట్టే, అరిసె రాయి అవుతుంది. ఉండ కట్టకుండా జారిపోతే లేత, నూనెలో పరుచుకుపోతుంది. చిన్న నిమ్మకాయంత ముద్దలు చేస్తే అటూ ఇటుగా 33 వస్తాయి. నీళ్లలో ఉండ చూసే పని పిల్లది, నూనె రాసిన ఆకుమీద నువ్వులద్ది తట్టే పని పిల్లది, లెక్క పిల్లది. నూనె మూకుడు మాత్రం పెద్దవాళ్లది. 34వది వస్తే ఎవరిదో చెప్పక్కర్లేదు.

పద్యాలు నేర్పాలనే తొందర కూడా బాపమ్మలకు ఉంటుంది. బమ్మెర పోతన ఊరు ఇక్కడికి దూరమేం కాదు, గజేంద్ర మోక్షణం పద్యాలు నోటికొచ్చిన ముసలివాళ్లు ఈ పక్కన ఇంకా ఉన్నారు. తప్పేమంటే పద్యం మొత్తం ఒకేసారి అప్పజెప్పమంటారు. పిల్ల రెండో పాదం మొదట్లో ఆగిపోతుంది, అందరూ అక్కడే ఆగుతారు. చాలా పద్యాల్లో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు అని ముందే చూపిస్తే, పాదం మొదటి మాట దానంతటదే నోటికొస్తుంది. రోజుకొక పాదం చాలు. చుట్టాలొచ్చినప్పుడు నిలబెట్టి చెప్పించొద్దు, మంచి పద్యాలు చాలా అట్లనే చచ్చిపోయాయి.

రెండు విషయాలు మిగిలాయి, రెండూ ఇంట్లో గొడవ పెట్టేవే. ఒకటి ఆటలమ్మ. ఎండకాలంలో పిల్లకు నీటిపొక్కులు వస్తే బాపమ్మ "తల్లి వచ్చింది" అంటుంది, వేపమండలు పరుస్తుంది, పోచమ్మకు సాక పోస్తుంది, గడప లోపలికి ఎవరినీ రానివ్వదు. ఈ చివరిది అచ్చంగా డాక్టరు చెప్పేదే. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా అది అంటుకుంటూనే ఉంటుంది, గర్భిణులకు మరీ ప్రమాదం. కాబట్టి ఆమె పెట్టిన కట్టడిని అట్లనే ఉంచి, దాని పక్కన మనది చేర్చాలి. గోళ్లు కత్తిరించడం, గోరువెచ్చని నీళ్ల స్నానం, జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్. ఆస్పిరిన్ ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దు. మగతగా పడి ఉన్నా, ఊపిరి ఎగబోస్తున్నా సాక పోసి ఆగొద్దు, అదే నిమిషం బయలుదేరాలి. ఉబ్బసం ఉన్న పిల్లకైతే సాంబ్రాణి పొగా, దిష్టి తీసి నిప్పుల్లో వేసే మిరపకాయలూ పడవు. ఆ ఇన్‌హేలర్ బ్యాగులో ట్యాబు కంటే ముందు సర్దాల్సింది.

రెండోది, పదకొండు పన్నెండేండ్ల ఆడపిల్లకు మొదటిసారి నెలసరి ఈ 49 రోజుల్లోనే రావొచ్చు. తల్లి దగ్గర లేనప్పుడు వస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ముందే ఆలోచించారా? ప్యాడ్లు బ్యాగులో ఉండాలి, ఎట్లా వాడాలో పిల్లకు తెలిసి ఉండాలి. పూజగదిలోకి ఆ నాలుగు రోజులు రావొద్దని బాపమ్మ అంటే, ఆమె ఇంట్లో ఆమె పట్టింపు, ఒప్పుకోవడానికి మనసొప్పితే ఒప్పుకోవచ్చు. కాని పడక మార్చడం, ఫ్యాను లేని గదిలో ఉంచడం, ముట్టుకోవద్దని పళ్లెం దూరంగా నెట్టడం కుదరదు. మేనల్లుళ్ల ముందు ఎత్తి చెప్పడం అసలే కుదరదు. నిన్నటిదాకా పక్కన కూచొని వత్తులు చేసిన పిల్ల ఈ రోజు ఏం తప్పు చేసిందో తెలియక బిత్తరపోతుంది. ఈ మాట కొడుకు చెప్పలేడు. ఇక్కడ కోడలే ఫోను చేయాలి. "అత్తమ్మా, అట్లాంటిదేమన్నా అయితే ముందు నాకు చెప్పండి, మిగతాది నేను మాట్లాడుత" అని పిల్ల పోకముందే అనుకుంటే పెద్దామెకూ ఇబ్బంది ఉండదు.

జూన్ 8న మిరుగం, అంటే మృగశిర కార్తె. బెల్లం, ఇంగువ కలిపిన చిన్న ఉండ నోట్లో వేస్తుంది బాపమ్మ. పిల్ల ముఖం చిట్లించినా వేస్తుంది. అప్పటికి ఇంకో నాలుగు రోజుల్లో బడి. తిరిగొచ్చిన పిల్ల ఉప్పల్ ఫ్లాట్‌లో కూడా ఐదింటికి లేచి దీపం పెడుతుందని ఆశపడకండి, పెట్టడం లేదని దెప్పకండి. బాపమ్మ ఇచ్చి పంపిన చిన్న కుంది ఒకటి బ్యాగు అడుగున కాగితంలో చుట్టి ఉంటుంది. దాన్ని షోకేసులో పెట్టకుండా వంటింటి గట్టు మీద, పిల్ల చేతికి అందే ఎత్తులో, కర్టెనుకు దూరంగా పెట్టండి. పక్కన వత్తుల డబ్బా. కర్పూరం పై అరలో.